అబ్బయ్య వంతు రొట్టె

పోయిన వారం మిమ్మల్ని గవిగుట్ట కింద, దారికి అడ్డంగా పరిచిన తుమ్మకంప ముందు నిలబెట్టి వదిలేశాను. కోపం వచ్చే ఉంటుంది. ఆ రోజు నాకూ వచ్చింది. హైదరాబాదు నుంచి రెండు జీపుల నిండా మనుషుల్ని పిలిపించి, మా గుట్ట చూద్దురుగాని రండి అని గొప్పలు పోయి, తీరా కిందికొచ్చేసరికి దారి మూసి ఉంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఏదో సర్దిచెప్పి, జీపులు బీదరు కోట వైపు తిప్పించి, సాయంత్రం దాకా ఆ గోడలూ బురుజులూ చూపించి పంపేశాం. గుట్ట పైనుంచి ఒక్క మనిషి దిగి రాలేదు, ఎందుకు మూశారో చెప్పలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను ఫెబాను, బీదరు దగ్గర మంగళగి అనే ఊరి కోడలిని. రెండేళ్ళ కిందట, హైదరాబాదులో ఎటు చూసినా కంప్యూటర్ కంపెనీలు లేస్తూ, వాటిల్లో పనిచేసే పిల్లలకి శని ఆదివారాలు ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తున్న రోజుల్లో, నేనూ మా ఆయన పాల్ కలిసి ఒక పని మొదలుపెట్టాం. వాళ్ళని బీదరులో జీపు ఎక్కించుకుని, మంగళగి మీదుగా గవిగుట్టకి తీసుకుపోయి, పైనున్న ఇరవై రెండు ఇళ్ళ పల్లె, గవిలో, అంటే గుహలో, ఊరే నీటి ఊట చూపించి, పొద్దుగూకేలోపు దింపడం. అంతకుముందు పాల్ మాధాపూర్‌లో క్యాబ్ నడిపేవాడు. రాత్రంతా నడిపి పగలంతా పడుకునేవాడు. రెండు నెలలకోసారి ఇంటికొస్తే, ఆ ఎర్రకళ్ళ మనిషి నా మొగుడేనని గుర్తుపట్టడానికి నాకు ఒక పూట పట్టేది. గుట్ట పుణ్యమా అని మనిషి ఇంటిపట్టున ఉన్నాడు, ఒళ్ళు చేశాడు, నవ్వడం నేర్చుకున్నాడు. ఇప్పుడు గుట్ట మూసుకుంటే మళ్ళీ ఆ క్యాబ్ ఎక్కుతాడు. అప్పుడే అక్కడికి ఫోన్ చేశాడు కూడా. వచ్చే నెల ఒకటో తారీకున రమ్మన్నారట. నా గోడంతా అదే.

ఎందుకు మూశారో నాకు తెలుసనే అనుకున్నాను. అంతకు ముందు వారం వచ్చినవాళ్ళలో ఒక కుర్రాడు చెప్పులతో ఊటలోకి దిగి కాళ్ళు కడుక్కున్నాడు. గుట్ట మొత్తం తాగే నీళ్ళవి. నా పది సూత్రాల్లో మొదటిదే అది. అవును, నాకు పది సూత్రాలున్నాయి. బీదరులో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగించి, జీపెక్కే ప్రతి మనిషి చేతిలో పెడతాను. ఊట దగ్గర చెప్పులు విడవాలి, అడగకుండా ఫోటో తీయకూడదు, చాక్లెట్లు పంచి పిల్లల్ని వెంట తిప్పుకోకూడదు, ఇళ్ళల్లోకి తొంగిచూడకూడదు, ఇలా పోతుంది. తొమ్మిదోదంటే నాకు మహా ఇష్టం: గుట్ట మీద ఎవరింట్లోనూ ఏమీ అడగకూడదు, పెట్టినా తినకూడదు, వాళ్ళకి మనం భారం కాకూడదు, అందరి తిండీ ఫెబా ఇంటి నుంచే వస్తుంది. హైదరాబాదు పిల్లలు అది చదివి, ఎంత ఆలోచించారు మేడమ్ అనేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని.

మంగళవారం పొద్దున్నే ఒక్కదాన్నే బయలుదేరాను. పాల్ వస్తానన్నాడు గాని వద్దన్నాను. తప్పు ఒప్పుకోవడానికి పోయేటప్పుడు మగవాళ్ళు పక్కనుంటే మాట ఎటో పోతుంది. గుట్ట కింద జీపులో దింపి వెళ్ళిపోయాడు. ఉత్త చేతులతో పోతే బాగుండదని, మాధాపూర్ కంపెనీ ఒకటి పంచమని ఇచ్చిన పన్నెండు దుప్పట్లు మూటగట్టి నెత్తిన పెట్టుకున్నాను. ఇంకో చేతిలో క్యారియర్, నాలుగు గిన్నెలది. మా అత్తమ్మ ఎలీసబెతు పొద్దున్నే అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు సర్ది ఇచ్చింది. గుట్టకి బయలుదేరానంటే ఆ క్యారియర్ చేతిలో ఉండాల్సిందే, రెండేళ్ళుగా అదే అలవాటు.

గవిగుట్టకి ఒక పద్ధతి ఉంది. కింద చదునైన బండ ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని కేకేయాలి. పైనుంచి ఒకరు దిగివచ్చి, ఎవరు, ఎవరి తాలూకు అని అడిగి, వెంటబెట్టుకుని తీసుకుపోవాలి. ఆ మనిషి లేకుండా ఎక్కితే దొంగ కిందే లెక్క. ఇదీ నా కాగితంలో ఉంది, రెండో సూత్రం. ఎండ ఎక్కుతుండగా కంప అవతలికి నర్సప్ప మామ కర్ర పట్టుకుని దిగివచ్చాడు. పల్లె తరఫున మాట్లాడే మనిషి. రెండేళ్ళుగా నెలకు నాలుగుసార్లు నన్ను చూస్తున్నవాడు కంప అవతలే నిలబడి, కొత్త మనిషిని అడిగినట్టు ఎవరమ్మా అని అడిగాడు.

మంగళగి పాల్ భార్యని మామా అన్నాను. పాల్ ఎవరి మనవడని అడిగాడు. అబ్బయ్య మనవడని చెప్పాను. అబ్బయ్య అంటే మా అత్తమ్మకు మామగారు. నా పెళ్ళికి చాలా ముందే పోయాడు. బీదరులో ఒక మిషన్ దవాఖానలో కంపౌండరుగా చేశాడని, మందులపెట్టె భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడని మాత్రం తెలుసు. మా ఇంట్లో గోడమీద ఫోటోలో గుండ్రటి అద్దాలతో కనిపించే మనిషి, నా వరకు అంతే.

"ఆ పేరు చెప్పి పైకి రా. బసవ్వ పిలుస్తాంది" అని నర్సప్ప కర్రతో కంప పక్కకు జరిపాడు. నేను లోపలికి రాగానే మళ్ళీ జరిపేశాడు. దుప్పట్ల మూట బండ మీదే ఉంచి రమ్మన్నాడు. క్యారియర్ వైపు ఒకసారి చూశాడు, దాని గురించి మాత్రం ఏమీ అనలేదు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. మామూలుగా అయితే ఎర్రరాయి ఎలా కోస్తారో, ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో చెబుతూ నడిచే మనిషి.

బసవ్వ నర్సప్పకు అక్క. డెబ్భై దాటి ఉంటుంది. నిలువెత్తు మనిషి, చేతులకు వెండి కడియాలు, కూర్చున్నా నిలబడ్డా వీపు వంగదు. గుట్ట మీద ఏ మాటకైనా ఆఖరి మాట ఆవిడదే. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు ఏడెనిమిది మంది ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టే అక్కడక్కడా కూర్చున్నారు. నాకు పీట వేశారు, నీళ్ళిచ్చారు. నీళ్ళు తాగి, దారి పొడుగునా నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. ఆ కుర్రాడు తెలియక చేశాడు, ఆ తప్పు నాది, ఇకమీదట ఊట దగ్గరికే ఎవరినీ పోనివ్వను, అవసరమైతే పదకొండో సూత్రం రాయిస్తాను అని.

బసవ్వ అంతా ఓపిగ్గా విన్నది. విని, ఆ పిల్లవాడు ఆ రోజే ఇంటింటికీ తిరిగి దండం పెట్టి పోయాడనీ, ఊట ఆ సాయంత్రమే తోడేశారనీ, అతనితో తమకు ఏ పంచాయితీ లేదనీ చెప్పింది. పిల్లలు అడుసు తొక్కుతారు, చెబితే కడుక్కుంటారు, దానికి ఎవరైనా దారి మూసుకుంటారా అని నన్నే అడిగింది.

"మరి కంప ఎందుకు వేసిండ్రు అవ్వా?"

ఆవిడ నా ఒళ్ళో ఉన్న క్యారియర్ చూసింది.

"చేతిల ఏంది బిడ్డా?"

"క్యారియర్."

"ఏముంది అండ్ల?"

"బువ్వ. పగటికి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వుకో బాధకో తెలియలేదు. ఏదో జరిగిందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

బసవ్వ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ ఊట సంగతి జరిగిన రోజే, కళ్ళద్దాల అమ్మాయి ఒకతె ఈ అరుగు మీదే కూర్చుంది. ఆకలి మీద ఉన్నట్టుంది, పెనం మీది రొట్టె వైపే చూస్తోంది. బసవ్వ రొట్టె తుంచి, ఎల్లిగడ్డ కారం పెట్టి ఇచ్చింది. ఆ పిల్ల సంతోషంగా చెయ్యి చాపింది. అప్పుడు నేను వచ్చాను. వచ్చి ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

లాగాను. నాకు గుర్తుంది. నవ్వుతూనే లాగాను. వద్దమ్మా, పాపం వీళ్ళకి కష్టం, మన తిండి మనకుంది అని కూడా అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడి చెయ్యి కొంగులో దాచుకున్నట్టు జేబులో పెట్టుకుంది. బసవ్వ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. అది నేను చూశాను కూడా, చూసి ముందుకు నడిచాను.

"రెండేండ్లాయె" అంది బసవ్వ. "వచ్చినోళ్ళు మా నీళ్ళు చూస్తరు, మా ఇండ్లు చూస్తరు, మా మొకాలు చూస్తరు. మా రొట్టె మాత్రం తుంచరు. మెహమాన్ అంటె తిని పోవాలె గద బిడ్డా. తినకుండ చూసి పోయేటోడు గిర్దావరు."

మెహమానంటే ఇంటికొచ్చిన అతిథి, గిర్దావరంటే భూములు కొలవడానికి వచ్చే సర్కారు మనిషి. ఆడవాళ్ళందరూ పక్కున నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మీకు భారమవుతుందని అవ్వా, ఒకేసారి ఇరవై మంది దిగుతారు గదా అని ఏదో గొణిగాను.

"భారమని నీకెవరు చెప్పిండ్రు? మమ్ములడిగినవా?"

అడగలేదు. పది సూత్రాలు రాశాను, అచ్చు వేయించాను, ప్లాస్టిక్ తొడిగించాను. గుట్టవాళ్ళ మర్యాద గురించి రాసిన కాగితం గుట్టవాళ్ళకి ఒక్కసారి చదివి వినిపించలేదు. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకొకటి ఉంటే ఎవరైనా చెప్పండి, వాళ్ళ దగ్గర శిష్యరికం చేస్తాను.

అయితే అక్కడితో ఆగితే నేను ఇంకో అబద్ధం ఆడినట్టే. అసలు సంగతి వేరే ఉంది. అది నేను పాల్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు. గుట్ట మీద ఏది వండినా ముందు ఎల్లమ్మకు చూపిస్తారు. మంగళవారాలూ పండగలూ అయితే చెప్పనే అక్కర్లేదు. మా ఇళ్ళల్లో దేవతకు పెట్టింది తినం. చిన్నప్పటి నుంచి అలా పెరిగాను. మొదటిసారి గుట్ట ఎక్కినప్పుడే, వీళ్ళు పెడితే ఏం చేయాలి, వద్దంటే ఏమనుకుంటారు, తింటే రేపు ప్రార్థనలో ఏ ముఖంతో కూర్చోవాలి అని భయం పట్టుకుంది. ఆ భయం బయటికి చెప్పడానికి నోరు రాలేదు. అందుకని మొత్తం అందరినీ తినకుండా ఆపేస్తే నా ఒక్కదాని సంగతి బయటపడదు కదా. ఆ భయానికే మర్యాద అని పేరు పెట్టి తొమ్మిదో సూత్రం చేశాను.

ఎలా వచ్చిందో ధైర్యం, అక్కడే చెప్పేశాను. "అవ్వా, ఎల్లమ్మకు పెట్టింది మేం తినం. గది నీకు చెప్పలేక ఇదంత చేసిన. నన్ను మాఫ్ చెయ్యి."

చెప్పి తల దించుకున్నాను. ఇక అయిపోయింది, ఒకటో తారీకు పాల్ బట్టలు సర్దుకోవడమే అనుకున్నాను.

బసవ్వ లేచింది. ఇంట్లోకి వెళ్ళి, ఒక ఇత్తడి పళ్ళెం, దాని మీద బోర్లించిన ఇంకో పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా ముందు పెట్టి పై పళ్ళెం తీసింది. రెండు జొన్నరొట్టెలు, పుండికూర, అదే గోంగూర, ఒక ఉల్లిగడ్డ. రొట్టెలు ఇంకా మెత్తగానే ఉన్నాయి.

"ఇది ఎల్లమ్మకు పెట్టకముందు తీసింది. నీదే" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చుని చెప్పింది. నర్సప్ప మామ గుమ్మానికి ఆనుకుని నిలబడి మధ్యమధ్యలో అవునని తల ఊపుతున్నాడు.

అబ్బయ్య వారానికోసారి, మంగళవారం, మందులపెట్టె పట్టుకుని గుట్ట ఎక్కేవాడట. పన్నెండేళ్ళు ఎక్కాడు. సూదులు వేశాడు, పుళ్ళు కడిగాడు, కాన్పుల్లో ఆడవాళ్ళకి మందులిచ్చాడు. మొదటి రోజు బసవ్వ వాళ్ళమ్మ గుండమ్మ ఆయనకు రొట్టె పెట్టింది.

"చెయ్యి కడుక్కొని కూసున్నడు గని తినలె" అంది బసవ్వ. "తల వంచుకొని, అమ్మా, మా దేవునికి ఇచ్చిన మాటున్నది, ఎల్లమ్మకు చూపింది తినలేను, తప్పు వట్టకు అన్నడు. మా అమ్మ కోపానికి రాలె. మీ దేవుడు ఎన్క తినొద్దన్నడు గని ముందు తినొద్దన్నడా అని అడిగింది. అట్ల అనలేదన్నడు. గయితె వచ్చే మంగళారం సంది నీకు ముందు తీసి, ఆమెకు ఎన్క పెడ్త అన్నది. ఎల్లమ్మ మా ఇంటి మనిషి, జర ఆగుతది. మెహమాన్‌ను ఆపొద్దు అన్నది."

అప్పటినుంచి గుట్ట మీద మంగళవారానికి ఒక ఇల్లు చొప్పున అబ్బయ్యకు వంతు తీసేవాళ్ళు. ఆయన రావడం ఆగిపోయి నలభై ఏళ్ళయింది. వంతు తీయడం మాత్రం ఆగలేదు. దారినపోయే మనిషి ఎవరొచ్చినా ఆ రొట్టె వాళ్ళది. ఎవరూ రాకపోతే పొద్దుగూకాక ఇంట్లో చిన్నవాళ్ళు తింటారు. అబ్బయ్య ఎవరో తెలియని పిల్లలు కూడా దాన్ని అబ్బయ్య వంతు అనే అంటారట. రెండేళ్ళ కిందట నేను మొదటిసారి గుట్ట ఎక్కినప్పుడు, అబ్బయ్య ఇంటి కోడలని తెలిసి, వంతు కలిగిన మనిషి వచ్చిందని బసవ్వ ఇంటింటికీ కబురు పెట్టింది. పళ్ళెం తీసుకుని ఊట దగ్గరికి వచ్చేసరికి నేను బండ మీద క్యారియర్ విప్పి, హైదరాబాదు పిల్లలకి వడ్డిస్తున్నాను. గుట్టవాళ్ళు దూరంగా నిలబడి చూస్తుంటే ఆకలితో చూస్తున్నారనుకున్నాను. మిగిలిన పులిహోర పిలిచి పెట్టాను. పెడితే కాదనకుండా తిన్నారు కూడా.

నాకు ఏడుపొచ్చేసింది. పదిమందిలో ఏడవడం నాకు నచ్చదు. కొంగుతో ముఖం తుడుచుకుని, రొట్టె తుంచి, పుండికూర పెట్టుకుని నోట్లో వేసుకున్నాను. మా దేవుడి పేరు తలుచుకునే వేసుకున్నాను. పులుపు, కారం, పొగవాసన. ఇంత రుచైన తిండిని రెండేళ్ళు కాదనుకున్నందుకు నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది. రెండో రొట్టె కూడా తిన్నాను. ఉల్లిగడ్డ కూడా వదల్లేదు.

బసవ్వ ఈలోగా నా క్యారియర్ తన వైపు లాక్కుని గిన్నెలన్నీ విప్పింది. ఎవరినీ అడగలేదు. అన్నం, పప్పు, వంకాయ కూర అరచేతుల్లో ముద్దలు పెట్టి అక్కడున్న ఆడవాళ్ళందరికీ పంచింది, తానూ తిన్నది. పప్పులో ఉప్పు తక్కువ, ఎలీసబెతు చెయ్యి ఇంత చప్పిడా అంది. అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఇంటికి పోయి చెబితే అత్తమ్మ ఊరుకోదు అన్నాను. చెప్పు చెప్పు, నా పేరు మీదనే చెప్పు అంది.

అలా కడుపు నిండాక, గొంతు తగ్గించి, ఇంకో మాట చెప్పింది.

"మీ అత్తను నేను ఒక్కపారి చూసిన. నలభై ఏండ్ల కింద. అబ్బయ్య మూడు మంగళారాలు రాలె. జరమొచ్చిందేమో అనుకొని, ఆయన వంతు రొట్టెలు గుడ్డల కట్టుకొని మంగళగి పోయిన. కొత్త పెండ్లికూతురు తలుపు దగ్గర నిలవడ్డది. గుట్ట మీది నుంచి వచ్చిన, అబ్బయ్య ఉన్నడా అని అడిగిన. లోపలికి చూసింది, నా దిక్కు చూసింది, తలుపు మూసింది. రొట్టెలు గడప మీద పెట్టి వచ్చేసిన."

బసవ్వే సర్దిచెప్పింది. అప్పటికే ఆయనను ఔరాద్ ఊరికి బదిలీ చేసి పంపించేశారని తర్వాత నర్సప్ప బీదరులో విన్నాడట. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు తెలియని ఆడమనిషి వచ్చి నిలబడితే కొత్త కోడలు భయపడదా, ఆ పిల్ల తప్పు లేదు, ఆయన ఊళ్ళో లేనప్పుడు పోవడం నాదే తప్పు అంది. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నదంటే, నలభై ఏళ్ళుగా తనకు తాను అదే చెప్పుకుంటూ వచ్చిందని నాకు తెలిసిపోయింది.

ఆ తర్వాత తీర్పు చెప్పింది. అబ్బయ్య పన్నెండేళ్ళు వాళ్ళింట తిన్నాడు. వాళ్ళు అబ్బయ్య ఇంట ఒక్కపూట తినలేదు. రాకపోకలంటే రెండు వైపులా ఉండాలి. వచ్చే ఆదివారం గుట్ట మొత్తం దిగి మంగళగి వస్తుంది. పిల్లాపాపలతో నలభై ఎనిమిది మంది. అబ్బయ్య ఫోటో ఉన్న గదిలో కూర్చుని తింటారు. తిని పైకి ఎక్కేటప్పుడు నర్సప్ప కంప తీసి పారేస్తాడు. ఆ తర్వాత నా హైదరాబాదువాళ్ళు ఎంతమందైనా రావచ్చు, ఇంటికి ఇద్దరు చొప్పున తిని పోవాలి.

"దబాయించి రావద్దు గద. మీ అత్తను అడుగు" అంది నన్ను సాగనంపుతూ. "ఆమె రమ్మంటెనే వస్తం."

గుట్ట దిగుతున్నంతసేపూ నా కాళ్ళు నేల మీద లేవు. పాల్ ఎక్కడికీ పోడు. తొమ్మిదో సూత్రం కొట్టేసి, తప్పకుండా తిని రావాలి అని కొత్తగా రాయిస్తాను, ఈసారి బసవ్వకు చదివి వినిపించాకే అచ్చుకిస్తాను. నర్సప్ప మామ ఈసారి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. దుప్పట్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. బండ మీద మూట ఎలా పెట్టానో అలాగే ఉంది. మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. పాల్ జీపు కడగడానికి బావి దగ్గరికి పోయాడు. అత్తమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని జొన్నలు ఏరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. నా భయం సంగతి చెబితే, పిచ్చిదానా, నాకు చెప్పొద్దా అని నా తల మీద మొట్టింది. ఉప్పు తక్కువన్నారంటే ఉడుక్కుంది. ఎల్లమ్మ కంటే ముందు అబ్బయ్యకు తీసేవాళ్ళని చెబితే చేట పక్కకు పెట్టింది, కళ్ళు తడయ్యాయి. ఆదివారం నలభై ఎనిమిది మంది అనేసరికి చకచకా లేచింది. జొన్నపిండి పట్టించాలని, పెద్ద గుండిగ కోసం ఏసప్ప ఇంటికి పోవాలని, చర్చి నుంచి చాపలు తేవాలని వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. అరవై ఏళ్ళ మనిషి అంత హుషారుగా తిరగడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

అప్పుడు చెప్పాను, తలుపు సంగతి. ఆవిడకి ఏం కోపం లేదు అత్తమ్మా, కొత్త కోడలు భయపడి ఉంటుందని ఆవిడే అన్నది, తాత ఊళ్ళో లేనప్పుడు రావడం తనదే తప్పన్నది అని, అత్తమ్మ మనసు తేలికపడుతుందనే చెప్పాను.

అత్తమ్మ నడక ఆగిపోయింది. వీధి తలుపు దాకా వెళ్ళి, పాల్ బావి దగ్గరే ఉన్నాడా అని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"తలుపు మూసింది నేనే. భయపడి గాదు. మామ లోపల్నే ఉండె బిడ్డా. తలుపు ఎన్క నిలవడి, మూసెయ్, నేను లేనని చెప్పు అన్నడు. ఆమె పోయినంక ఆ రొట్టెల మూట తెచ్చుకొని, తినుకుంట ఏడ్సిండు. మల్ల వారమే అడిగి మరీ ఔరాద్ పోయిండు, ఆ గుట్ట మొకం చూడొద్దని."

ఆదివారం ఆ ఫోటో కిందే కూర్చుని తింటామన్న నలభై ఎనిమిది మంది నా కళ్ళ ముందు కదిలారు.

"ఎందుకు మూయమన్నడో నాకొక్కదానికే చెప్పిండు, చావు ముందర" అంది అత్తమ్మ. "నీకిప్పుడు చెప్పమంటవా, ఆదివారం వాళ్ళు తిని పోయినంక చెప్పమంటవా?"